భాషకు వెల లేదు, భరోసాకు ఉంది

(హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, ఇంజనీరింగ్ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని అక్షరరూపంలో పెట్టాం.)

మిత్రులారా, నమస్కారం. ఈ సాయంత్రం మీ ముందు ఒకే ఒక ప్రశ్న పెట్టి, దాని చుట్టూనే మాట్లాడాలని వచ్చాను. ఈ గదిలో ఉన్నవారిలో ఎంతమంది తాము రోజూ వాడే ప్రోగ్రామింగ్ భాష కోసం డబ్బు చెల్లించారు? ఒకసారి చేతులెత్తండి. చూశారా, ఒక్క చెయ్యీ లేవలేదు. పైథాన్‌కు చెల్లించలేదు, జావాస్క్రిప్ట్‌కు చెల్లించలేదు, కోట్లిన్‌కు చెల్లించలేదు, రస్ట్‌కు చెల్లించలేదు. అయినా ఆ భాషల కంపైలర్లను, అంటే మనం రాసిన కోడ్‌ను యంత్రం నడపగలిగే రూపంలోకి మార్చే ప్రోగ్రాములను దిద్దుతూ, తప్పులు సవరిస్తూ, కొత్త వెర్షన్లు విడుదల చేస్తూ బతుకుతున్న మనుషులున్నారు. వాళ్లకు జీతాలున్నాయి, ఆ జీతాలిచ్చే కంపెనీలున్నాయి. మరి ఆ కంపెనీలకు డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? ఎవరూ కొనని సరుకును తయారుచేసేవాడు ఎలా నిలబడుతున్నాడు?

మన ఊరి అనుభవంతోనే మొదలుపెడతాను. ఇక్కడ కాస్త వయసున్నవారికి అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల సందులు గుర్తుండే ఉంటాయి. గోడ గోడకూ జావా కోర్సు ప్రకటన, మెట్టు మెట్టుకూ ఒక బ్యాచ్. శ్రీకాకుళం నుంచి, కరీంనగర్ నుంచి, అనంతపురం నుంచి వచ్చిన పిల్లలు ఇరుకు హాస్టల్ గదుల్లో ఉంటూ కోర్ జావా, అడ్వాన్స్‌డ్ జావా నేర్చుకున్నారు. నేర్చుకుని ఉద్యోగాలు సంపాదించారు, ఊళ్లో ఇళ్లు కట్టుకున్నారు, చెల్లెళ్ల పెళ్లిళ్లు చేశారు. ఆ కోర్సు ఫీజుల్లోంచి జావాను సృష్టించిన సన్ మైక్రోసిస్టమ్స్‌కు వెళ్లవలసింది ఏమైనా ఉందా? ఏమీ లేదు. ఎస్‌సీజేపీ అనే సన్ జావా సర్టిఫికెట్ పరీక్ష రాసినవాళ్లు కట్టిన పరీక్ష ఫీజు తప్ప, సన్ వాటా అంటూ అందులో ఏమీ లేదు. ఒక భాష వల్ల లోకానికి కలిగిన సంపద ఎంతో, ఆ భాషను కన్న కంపెనీ చేతికి చిక్కిన సంపద ఎంతో ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడండి. 1995లో జావాను లోకానికి ఇచ్చిన సన్, 2010 జనవరి నాటికి ఒరాకిల్ చేతిలోకి వెళ్లిపోయింది.

దీన్ని అర్థం చేసుకోవడానికి మనకు తెలిసిన వస్తువు ఒకటి ఉంది, ఊరి చెరువు. చెరువులో నీళ్లు అందరివీ. ఎవరైనా ముంచుకోవచ్చు, ఎవరి పొలానికైనా పారించుకోవచ్చు. కానీ ఏటేటా పూడిక తీయాలి, తూము బాగుచేయాలి, గట్టు తెగితే అర్ధరాత్రయినా పరుగెత్తే నీరటి ఉండాలి. నీళ్లకు ధర లేదు గానీ పూడిక తీతకు ఖర్చుంది. ఓపెన్ సోర్స్ భాష, అంటే లోపలి కోడ్ అందరికీ తెరిచి ఉన్న భాష, అచ్చంగా ఇలాంటిదే. ముంచుకునేవాళ్లు లక్షల మంది, పూడిక తీసేవాళ్లు కొద్దిమంది. ఆ కొద్దిమంది కూలి ఎవరు ఇస్తున్నారు, ఏం ఆశించి ఇస్తున్నారు అన్నదే మన విషయం.

భాషకు నేరుగా ధర పెట్టవచ్చు కదా అని అడగవచ్చు. ఒకప్పుడు పెట్టారు కూడా. 1983లో బోర్లాండ్ కంపెనీ టర్బో పాస్కల్ అనే కంపైలర్‌ను 49.95 డాలర్లకు అమ్మింది. మిగతా కంపైలర్లకు వందల డాలర్లు పెట్టవలసిన ఆ రోజుల్లో అది చాలా చవక. కంపైలర్ అనేది డబ్బాలో పెట్టి అమ్మే సరుకుగా చెల్లిన కాలం అది. 1987లో రిచర్డ్ స్టాల్మన్ జీసీసీ కంపైలర్‌ను సోర్స్ కోడ్‌తో సహా అందరికీ ఇచ్చేశాక ఆ వ్యాపారం మెల్లమెల్లగా కరిగిపోయింది. ఈ రోజున కొత్త భాషకు ధర పెడితే ఏమవుతుందో ఆలోచించండి. ధర పెడితే నేర్చుకునేవాళ్లు తగ్గుతారు. నేర్చుకునేవాళ్లు తగ్గితే లైబ్రరీలు, అంటే అందరూ తిరిగి వాడుకునే కోడ్ కట్టలు, రాసేవాళ్లు తగ్గుతారు. లైబ్రరీలు తగ్గితే కంపెనీలు ఆ భాషను ఎంచుకోవు. కంపెనీలు ఎంచుకోకపోతే నేర్చుకునేవాడికి ఉద్యోగం లేదు, ఉద్యోగం లేకపోతే మళ్లీ నేర్చుకునేవాళ్లు లేరు. భాషకు బలం దాన్ని మాట్లాడేవాళ్ల సంఖ్యే కదా. అది తెలుగుకైనా అంతే, పైథాన్‌కైనా అంతే. అందుకని భాష చుట్టూ కంచె వేసినవాడు తన చేనునే ఎండబెట్టుకుంటాడు.

కంచె లేకుండా సంపాదించవచ్చని మొదట నిరూపించినవాళ్లలో సిగ్నస్ అనే కంపెనీ ఒకటి. 1989లో అమెరికాలో మైకేల్ టీమన్, డేవిడ్ హెంకెల్-వాలెస్, జాన్ గిల్మోర్ అనే ముగ్గురు దాన్ని ప్రారంభించారు. వాళ్ల దగ్గర సొంత సరుకేమీ లేదు. జీసీసీ అప్పటికే ఉచితం. అయితే కొత్త చిప్ తయారుచేసే ప్రతి సంస్థకూ ఒక అవసరం ఉండేది, తమ చిప్ మీద సీ భాష నడవాలి, నడిపించే కంపైలర్ కావాలి, అది చిప్ బజారులోకి వచ్చే నాటికి సిద్ధంగా ఉండాలి. జీసీసీని ఆ చిప్‌కు అనువుగా మలిచి ఇచ్చినందుకు, తర్వాత దాన్ని కనిపెట్టుకుని ఉన్నందుకు సిగ్నస్ డబ్బు తీసుకునేది. తీసుకున్న డబ్బుతో చేసిన పనిలో చాలా భాగం తిరిగి అందరి చెరువులోకే చేరేది. 1999లో రెడ్ హ్యాట్ ఆ కంపెనీని కలుపుకుంది.

ఆ కోవకే చెందిన మరో కంపెనీ గురించి ఇంకొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఈ మొత్తం విషయంలో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించిన ఉదాహరణ అది. కంపెనీ పేరు ఏడాకోర్. అమెరికా రక్షణ శాఖ తన ఆయుధ వ్యవస్థల కోసం ఏడా అనే భాషను తయారుచేయించి 1983లో ప్రమాణంగా ప్రకటించింది. తర్వాత 1990ల మొదట్లో, ఆ భాష కొత్త రూపానికి ఉచిత కంపైలర్ ఒకటి ఉండాలన్న ఉద్దేశంతో, అమెరికా వైమానిక దళం న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి ఒక కాంట్రాక్టు ఇచ్చింది. అక్కడి ఆచార్యుడు రాబర్ట్ డ్యూయర్, ఆయన సహచరులు జీసీసీ మీద ఆధారపడి గ్నాట్ అనే కంపైలర్ రాశారు. కాంట్రాక్టు అయిపోతే ఆ కంపైలర్ గతేమిటి? విశ్వవిద్యాలయంలో విద్యార్థి పట్టా తీసుకుని వెళ్లిపోతాడు, ఆచార్యుడు వేరే పరిశోధనకు మళ్లుతాడు, కోడ్ అనాథ అవుతుంది. అలా జరగకుండా ఆ బృందమే 1994లో కంపెనీ పెట్టుకుంది.

ఉచిత కంపైలర్ పెట్టుకుని వాళ్లు ఏం అమ్మారు? ఇక్కడ మీరు కాస్త శ్రద్ధగా వినాలి. విమానంలో నడిచే సాఫ్ట్‌వేర్‌ను డీవో-178 అనే ప్రమాణం ప్రకారం తనిఖీ చేసి ఆమోదిస్తారు. ఆ తనిఖీకి ఏళ్లు పడుతుంది, అపారమైన ఖర్చవుతుంది. అలా ఆమోదం పొందిన ప్రోగ్రామ్ ఏ కంపైలర్‌తో తయారైందో, ఆ కంపైలర్‌లోని ఏ వెర్షన్‌తో తయారైందో ఆ కాగితాల్లో ఉంటుంది. మనమైతే కొత్త వెర్షన్ రాగానే ఉత్సాహంగా మారిపోతాం. విమానం చేసేవాడు అలా మారలేడు, మారితే పరీక్షల్లో పెద్ద భాగం మళ్లీ చేయాలి. కాబట్టి అతను ఒకే పాత వెర్షన్ మీద పదిహేనేళ్లు, ఇరవయ్యేళ్లు కూర్చుంటాడు. ఆ పాత వెర్షన్‌లో ఒక తప్పు బయటపడితే? లోకమంతా వదిలేసిన ఆ వెర్షన్‌ను తెరిచి, ఆ ఒక్క తప్పును మాత్రమే సవరించి, మిగతా దేన్నీ కదిలించకుండా తిరిగి ఇచ్చేవాడు ఒకడు ఉండాలి. ఏడాకోర్ ఏటా తీసుకునే చందా దానికోసమే. పైగా ఫోన్ ఎత్తేది, ఉత్తరానికి జవాబిచ్చేది ఆ కంపైలర్ రాసిన మనుషులే.

గమనించారా, అందరూ కొత్తదనాన్ని అమ్ముతుంటే వీళ్లు పాతదనాన్ని అమ్ముతున్నారు. కోడ్ ఉచితమే, దాన్ని ఎవరైనా దించుకోవచ్చు. ఇరవయ్యేళ్ల తర్వాత కూడా ఆ కోడ్‌కు జవాబుదారీగా ఒకరు ఉంటారన్న భరోసాను మాత్రం ఇంటర్నెట్ నుంచి దించుకోలేం. నేను ఈ సాయంత్రం చెప్పదలచుకున్న మాట ఇదే: భాషను ఎవరూ కొనరు, దాన్ని చూసుకునేవాడు వెళ్లిపోతే తమ గతేమిటన్న ఆందోళన ఉన్నవాడు ఆ చూసుకునేవాడిని నిలబెట్టుకోవడానికి డబ్బు ఇస్తాడు. ఇదే దారిని ఇప్పుడు రస్ట్ భాష పట్టుకుంది. బెర్లిన్‌కు చెందిన ఫెరస్ సిస్టమ్స్ అనే కంపెనీ ఫెర్రోసీన్ పేరుతో రస్ట్ కంపైలర్‌ను సిద్ధం చేసి, కార్ల భద్రతకు సంబంధించిన ఐఎస్‌వో 26262 ప్రమాణం కింద 2023లో అర్హత సంపాదించింది. దాని సోర్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంది. ధర ఆ అర్హతకు, దాని కాగితాలకు, దాని వెనక నిలబడే మనుషులకు.

ఇప్పుడు రెండో రకం వ్యాపారానికి వద్దాం. భాషను ఊరికే ఇచ్చి, ఆ భాషలో రాయడానికి కావలసిన పనిముట్టును అమ్మడం. మన ఆండ్రాయిడ్ మిత్రులందరికీ తెలిసిన కోట్లిన్ ఇందుకు ఉదాహరణ. దాన్ని తయారుచేసిన జెట్‌బ్రెయిన్స్ 2000లో ప్రాగ్ నగరంలో మొదలైంది. బయటి పెట్టుబడి తీసుకోకుండా, ఇంటెలిజే ఐడియా వంటి, కోడ్ రాసుకునే ఎడిటర్లు అమ్ముకుని పెరిగిన కంపెనీ అది. 2011లో వాళ్లు కోట్లిన్‌ను ప్రకటించినప్పుడు, భాష నుంచి మీకేం లాభం అన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. వాళ్ల జవాబు దాపరికం లేనిది. లక్షల వరుసల జావా కోడ్‌తో మా సొంత పని భారమైంది, దానికి మెరుగైన భాష మాకే కావాలి. ఈ భాష వ్యాపిస్తే మా ఎడిటర్ల అమ్మకాలూ పెరుగుతాయని ఆశిస్తున్నాం అన్నారు. 2016లో మొదటి పూర్తి వెర్షన్ వచ్చింది, 2017లో గూగుల్ దాన్ని ఆండ్రాయిడ్‌కు అధికారిక భాషల్లో ఒకటిగా ప్రకటించింది, 2019 నుంచి కోట్లిన్‌కే మొదటి పీట వేసింది.

అయితే కథ అంత నున్నగా లేదు. ఆండ్రాయిడ్ ప్రోగ్రామర్లు వాడేది ఆండ్రాయిడ్ స్టూడియో. అది ఇంటెలిజే ఉచిత భాగం మీద గూగుల్ కట్టుకున్నది, దాన్నీ ఉచితంగానే ఇస్తుంది. అంటే కోట్లిన్ రాసేవాళ్లలో పెద్ద గుంపు జెట్‌బ్రెయిన్స్‌కు ఏమీ చెల్లించకుండానే రాయగలదు. ఇంకో సంగతి చెబుతాను. ఇతర ఎడిటర్లలో కోట్లిన్ చక్కగా నడవడానికి కావలసిన లాంగ్వేజ్ సర్వర్‌ను ఆ కంపెనీ ఏళ్ల తరబడి అధికారికంగా ఇవ్వలేదు, 2025లో గాని దాని తొలి ప్రయోగ రూపం బయటికి రాలేదు. నేను వాళ్లను తప్పుపట్టడం లేదు. ఎడిటర్ అమ్మి భాషను పోషిస్తున్నవాడు, పక్కవాడి ఎడిటర్‌లో ఆ భాష హాయిగా నడిచేలా చేయడానికి పరుగులు తీయడు. పోషించే చేయి ఏ వైపు ఉంటే భాష ఆ వైపు వాలుతుంది. దీన్ని మనసులో పెట్టుకుంటే తర్వాతి రెండు ఉదంతాలు సులువుగా అర్థమవుతాయి.

ఏది ఉచితంగా ఇవ్వాలి, ఏది దాచుకోవాలి

వెబ్‌సైట్లు రాయడానికి వాడే పీహెచ్‌పీ భాష సంగతి చూడండి. ఇజ్రాయెల్‌లో హైఫా నగరంలోని టెక్నియాన్ విద్యార్థులు జీవ్ సురాస్కీ, ఆండీ గుట్మన్స్ ఆ భాష గుండెకాయను తిరగరాశారు. ఇద్దరి పేర్లూ కలిపితే వచ్చినదే జెండ్. 1999లో ఆ పేరుతోనే కంపెనీ పెట్టారు. భాష నడిపే జెండ్ ఇంజన్ ఉచితం. కంపెనీ అమ్మినవి దాని చుట్టూ ఉన్నవి: ఎడిటర్, సర్వర్, సోర్స్ కోడ్ ఇతరులకు కనబడకుండా మూసి ఇచ్చే సాధనం, సర్టిఫికెట్ పరీక్షలు. ఇంకొకటి కూడా ఉంది. పీహెచ్‌పీ మామూలుగా ప్రతి పేజీకీ ప్రోగ్రామును మళ్లీ మళ్లీ చదివి తర్జుమా చేసుకుంటుంది. ఒకసారి చేసిన తర్జుమాను దాచి ఉంచితే సైటు వేగం ఎంతో పెరుగుతుంది. అలా దాచి ఉంచే సాధనాన్ని జెండ్ తన సొంత ఉత్పత్తిగా, మూసిన కోడ్‌గా ఉంచుకుంది.

ఇప్పుడు మీరే చెప్పండి, ఇందులో చిక్కు ఎక్కడుంది? ఉచిత ఇంజన్‌ను చూసుకునేదీ వీళ్లే, ఆ ఇంజన్ మీద వేగం పెంచే సరుకు అమ్మేదీ వీళ్లే. ఇంజన్‌లోనే వేగం వచ్చేస్తే సరుకు ఎవరు కొంటారు? ఆ చిక్కు చివరికి తీరిన తీరు మంచిదే. 2013లో జెండ్ ఆ కోడ్‌ను తెరిచి ఇచ్చేసింది, అదే ఆప్‌క్యాష్ పేరుతో పీహెచ్‌పీ 5.5లో భాగమైంది. ఈ రోజు మన దగ్గర చిన్న పత్రిక వెబ్‌సైటు నడిపేవాడు కూడా ఆ ఫలం అనుభవిస్తున్నాడు. కంపెనీ మాత్రం 2015లో రోగ్ వేవ్ చేతికి, 2019లో దానితోపాటు పెర్ఫోర్స్ చేతికి వెళ్లింది.

ఇదే చిక్కు పెద్ద కంపెనీకి వచ్చినప్పుడు ఏమైందో చెబుతాను. మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టారు, అదే ఏడాది నవంబరులో డాట్‌నెట్ అనే తన ప్రోగ్రామింగ్ వేదికను ఓపెన్ సోర్స్ చేస్తున్నట్టు ఆ కంపెనీ ప్రకటించింది. ఉద్దేశం స్పష్టమే, ప్రోగ్రామర్ ఏ యంత్రం మీద ఏ భాషలో రాసినా ఆ ప్రోగ్రాము మైక్రోసాఫ్ట్ అద్దెకిచ్చే అజ్యూర్ క్లౌడ్‌లో నడిస్తే చాలు, అద్దె వస్తుంది. ఏడేళ్లు అంతా సవ్యంగానే సాగింది. 2021 అక్టోబరులో డాట్‌నెట్ 6 విడుదలకు కొద్ది రోజుల ముందు, ప్రోగ్రాము ఆపకుండానే కోడ్ మార్పులు చూపించే హాట్ రీలోడ్ సదుపాయాన్ని ఉచిత సాధనాల్లోంచి తీసేసి, తమ ఎడిటర్ విజువల్ స్టూడియోకే పరిమితం చేస్తున్నామని చెప్పారు. అప్పటికే రాసి, అందరికీ ఇచ్చిన కోడ్‌ను వెనక్కి లాక్కోవడం అది. ఆ వేదికను నమ్ముకున్నవాళ్లు ఒక్కసారిగా భగ్గుమన్నారు. మూడు నాలుగు రోజులు తిరగకముందే మైక్రోసాఫ్ట్ తన నిర్ణయాన్ని రద్దు చేసుకుని ఆ సదుపాయాన్ని తిరిగి పెట్టింది. లైసెన్సు కాగితం ప్రకారం వాళ్లు నేరమేమీ చేయలేదు. కానీ భాషకు ఆస్తి దాన్ని వాడేవాళ్ల నమ్మకమే అయినప్పుడు, ఆ ఆస్తిలోంచి కొంత ఖర్చయిపోయింది.

ఇక జావాకు తిరిగి వద్దాం, ఈ గదిలో సగం మంది అన్నం జావాలోనే ఉంది కాబట్టి. సన్ తన కాలంలో సెల్‌ఫోన్ తయారీదారుల దగ్గర లైసెన్సు రుసుములు వసూలు చేసేది, సర్వర్లు అమ్ముకునేది. 2006 నవంబరులో జావాను జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద తెరవడం మొదలుపెట్టింది. ఒరాకిల్ 740 కోట్ల డాలర్లకు సన్‌ను కొన్న ఏడాదే, 2010 ఆగస్టులో, ఆండ్రాయిడ్‌లో జావా ఏపీఐలు, అంటే జావాలోని సిద్ధ సదుపాయాలను పిలిచే పేర్లు, పద్ధతులు వాడుకున్నందుకు గూగుల్ మీద దావా వేసింది. ఆ పేర్లను, పద్ధతులను నిర్వచించే దాదాపు 11,500 వరుసల కోడ్ గురించి నడిచిన ఆ వివాదం, 2021 ఏప్రిల్ 5న అమెరికా సుప్రీంకోర్టు ఆరుగురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపుగా ఇచ్చిన తీర్పుతో గూగుల్ పక్షాన ముగిసింది. కోర్టులో భాష నుంచి డబ్బు పిండుకోవాలన్న ప్రయత్నం అలా ఫలించలేదు.

కోర్టు బయట మాత్రం దారి దొరికింది. 2019 నుంచి, వ్యాపార సంస్థలు ఒరాకిల్ ఇచ్చే జావా 8కు కొత్త సవరణలు కావాలంటే చందా కట్టాలన్న నియమం వచ్చింది. 2023 జనవరిలో ఆ చందా లెక్క మారింది. అంతకుముందు ఎంతమంది వాడుతున్నారు, ఎన్ని ప్రాసెసర్ల మీద నడుస్తోంది అని లెక్కించేవారు. ఇప్పుడు కంపెనీలో మొత్తం ఉద్యోగులు ఎంతమంది అని లెక్కిస్తారు. జావా తెలిసినవాళ్లు కాదు, వాడేవాళ్లు కాదు, మొత్తం ఉద్యోగులు. 999 మంది వరకూ ఉన్న సంస్థకు ఒక్కొక్కరికి నెలకు 15 డాలర్లు, సంస్థ పెద్దదయ్యేకొద్దీ తలసరి ధర తగ్గుతుంది. ఒక చిన్న లెక్క వేద్దాం. 500 మంది పనిచేసే ఆసుపత్రి ఉందనుకోండి. జావాతో నడిచే ఒకే ఒక బిల్లింగ్ వ్యవస్థ ఉందనుకోండి. నర్సులు, వార్డు బాయ్‌లు, వాచ్‌మన్ అందరినీ కలిపి 500 మందికి నెలకు 15 చొప్పున ఏడాదికి 90,000 డాలర్లు.

అదే జావా మరోచోట ఉచితంగా దొరుకుతుందా? దొరుకుతుంది, అదే విచిత్రం. జావా ఓపెన్ సోర్స్ రూపమైన ఓపెన్‌జేడీకే సోర్స్ కోడ్ అందరిదీ. అమెజాన్ దాన్ని కరెట్టో పేరుతో, మైక్రోసాఫ్ట్ తన సొంత పేరుతో, ఎక్లిప్స్ ఫౌండేషన్ నీడలోని అడాప్టియం బృందం టెమురిన్ పేరుతో ఉచితంగా ఇస్తున్నాయి. అజుల్ అనే కంపెనీ అదే కోడ్‌కు సపోర్ట్ అమ్మి బతుకుతోంది. మరి ఒరాకిల్ దగ్గర ఎందుకు కొంటారు? కొందరు సపోర్ట్ కోసం నిజంగానే కొంటారు, అది ధర్మమైన బేరమే. మరికొందరు తమ యంత్రాల్లో ఎవరు, ఎప్పుడు, ఎక్కడి నుంచి దించిన జావా ఉందో తమకే తెలియక, లెక్క తేలితే ఏమవుతుందో అన్న బెరుకుతో కొంటారు. నా మనసులో మాట చెప్పాలంటే, ఏడాకోర్ అమ్మేదీ ఒరాకిల్ అమ్మేదీ పైకి చందాలే అయినా, ఒకటి ధైర్యానికి కట్టే చందా, రెండోది తెలియనితనానికి కట్టే చందా కాకుండా మనం చూసుకోవాలి. అందుకే మీ సర్వర్లలో ఉన్న జావా ఏ పంపిణీదారుదో రేపు ఆఫీసుకు వెళ్లగానే చూడండి. పెద్ద పనేమీ కాదు, వెర్షన్ అడిగితే అదే చెబుతుంది.

గూగుల్ గో గురించి, ఆపిల్ స్విఫ్ట్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. గో వల్ల గూగుల్ సొంత సర్వర్ల పని తేలికైంది, స్విఫ్ట్ వల్ల ఐఫోన్‌కు యాప్‌లు రాసేవాళ్లు పెరిగారు. ఆ ఖర్చు వాళ్ల అసలు వ్యాపారంలో ఒక మూలకు సరిపోతుంది.

పోషించే చేయి ఆగినప్పుడు

ఆ మూలలో ఉన్న ఖర్చు మీదే ఒక భాష ఆధారపడితే వచ్చే ప్రమాదం మనం కళ్లారా చూశాం. రస్ట్‌ను పెంచింది మొజిల్లా. మొజిల్లాకు ఆదాయం ప్రధానంగా ఫైర్‌ఫాక్స్‌లో సెర్చ్ ఇంజన్‌కు చోటిచ్చినందుకు వస్తుంది. రస్ట్ వల్ల ఆదాయం లేదు, బ్రౌజర్ ఇంజన్ బాగుపడుతుందన్న ఆశ ఉంది. 2020 ఆగస్టులో మొజిల్లా సుమారు 250 మందిని తొలగించినప్పుడు, రస్ట్ కోసం పనిచేసే పలువురు అందులో ఉన్నారు. భాష పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు. కానీ అప్పటికే అమెజాన్, గూగుల్, మైక్రోసాఫ్ట్, హువావే తమ పునాదుల్లో రస్ట్‌ను వాడుతున్నాయి. 2021 ఫిబ్రవరిలో ఆ నాలుగూ మొజిల్లాతో కలిసి రస్ట్ ఫౌండేషన్‌ను నిలబెట్టాయి. ముంచుకునేవాళ్లే పూడిక తీతకు చందా వేసుకున్నారు.

పీహెచ్‌పీకి కూడా అదే జరిగింది. ఆ భాష లోపలి పనిలో అత్యధిక భారం మోస్తున్న నికిటా పోపోవ్ 2021లో వేరే పనికి మళ్లుతున్నానని చెప్పేసరికి, ఒక్క మనిషి మీద ఎంత పెద్ద భవనం నిలబడి ఉందో అందరికీ తెలిసివచ్చింది. ఆ నవంబరులోనే జెట్‌బ్రెయిన్స్ మొదలైన పది కంపెనీలు పీహెచ్‌పీ ఫౌండేషన్ ప్రకటించాయి. పైథాన్‌కు 2001 నుంచే ఫౌండేషన్ ఉంది, అయినా పైథాన్ వేగం పెంచడానికి 2021లో పూర్తికాలపు బృందాన్ని పెట్టింది మైక్రోసాఫ్ట్. ఆ కృషి వల్ల 3.11 వెర్షన్ అంతకుముందు దానికన్నా సగటున 25 శాతం వేగంగా వచ్చింది. 2025 మే నెలలో ఉద్యోగాల కోత వచ్చినప్పుడు ఆ బృందంలో ముఖ్యులను కూడా తీసేశారు. ఆ పని ఆగిపోలేదు గానీ, దాన్ని చేసే మనుషులు జీతం కోసం వేరే గడప వెతుక్కోవలసి వచ్చింది.

వీటికి భిన్నమైనది స్కాలా అనుభవం. ఆ భాషను రూపొందించిన మార్టిన్ ఒడెర్స్‌కీ తదితరులు 2011లో టైప్‌సేఫ్ అనే కంపెనీ పెట్టారు, అది 2016లో లైట్‌బెండ్ అయింది. శిక్షణ, సలహా, సపోర్ట్ అమ్మారు, చాల్లేదు. 2022 సెప్టెంబరులో వాళ్ల ముఖ్యమైన సాధనం అక్కాను ఓపెన్ సోర్స్ లైసెన్సు నుంచి తీసి, ఏడాదికి 2.5 కోట్ల డాలర్లకు మించి ఆదాయం ఉన్న సంస్థలు వాడాలంటే డబ్బు కట్టాలన్నారు. పాత కోడ్‌ను తీసుకుని కొందరు పెక్కో పేరుతో వేరు కాపురం పెట్టారు. 2024లో ఆ కంపెనీ తన పేరునే అక్కాగా మార్చుకుంది. భాష కోసం పుట్టిన కంపెనీ చివరికి భాషను వదిలి సరుకు పేరు పెట్టుకుంది. క్లోజర్ భాషకు పట్టిన అదృష్టం వేరు. దాన్ని చూసుకునే కాగ్నిటెక్ట్ కంపెనీని 2020లో బ్రెజిల్‌కు చెందిన న్యూబ్యాంక్ కొనేసింది, ఎందుకంటే ఆ బ్యాంకు ముఖ్యమైన వ్యవస్థలు క్లోజర్ మీదా, కాగ్నిటెక్ట్ అమ్మే డేటామిక్ అనే డేటాబేస్ మీదా నడుస్తున్నాయి. బావి ఎండిపోకూడదని బావినే కొనుక్కున్నట్టు. మూడేళ్లకు డేటామిక్‌ను కూడా ఉచితం చేశారు.

ఇక్కడ ముందు వరుసలోని ఒక తమ్ముడు, మన వైపు నుంచి ఇలాంటి కంపెనీ రాదా అని ఇందాక చీటీ పంపాడు. మన దేశానికి నిజమైన చుట్టరికం ఉన్నది జూలియా భాష. దాని సృష్టికర్తల్లో ఒకరైన విరల్ షా ఆధార్ ప్రాజెక్టులో పనిచేసినవారు. 2012లో భాష బయటికి వచ్చింది, 2015లో ఆయన, సహచరులు కలిసి జూలియా కంప్యూటింగ్ పెట్టారు. ఇప్పుడు దాని పేరు జూలియాహబ్, బోస్టన్‌తో పాటు బెంగళూరులోనూ వేళ్లున్న కంపెనీ. మొదట సలహా, సపోర్ట్ అమ్మారు. తర్వాత మందుల ప్రయోగాల లెక్కలకు, యంత్రాల అనుకరణకు పనికొచ్చే ప్రత్యేక సాఫ్ట్‌వేర్ మీద దృష్టి పెట్టారు. 2021లో 2.4 కోట్ల డాలర్ల పెట్టుబడి తెచ్చుకున్నారు. భాష అందరిదీ, ఆ భాషలో తాము నైపుణ్యంతో రాసిన సాఫ్ట్‌వేర్ మాత్రం అమ్మకానికి. ఇది నాకు నచ్చిన దారి, ఎందుకంటే ఇందులో భాషను కుంటిగా ఉంచవలసిన అవసరం ఎవరికీ లేదు.

ఇంకా దగ్గరది, సముద్రం అవతల కొలంబోలో ఉంది. సంజీవ వీరవరణ తదితరులు 2005లో మొదలుపెట్టిన డబ్ల్యూఎస్‌వో2 అనే కంపెనీ బాలెరినా అనే ఓపెన్ సోర్స్ భాషను తయారుచేసింది. ఒక సంస్థలోని వేర్వేరు సాఫ్ట్‌వేర్ వ్యవస్థలను ఒకదానితో ఒకటి మాట్లాడించడమే వాళ్ల వృత్తి. ఆ పనికి ఉన్న సాధనాలతో విసిగి సొంత భాష రాసుకున్నారు. తమ్ముడూ, నువ్వు అడిగినదానికి నా జవాబు ఈ వరుసలోనే ఉంది, దీన్ని జాగ్రత్తగా చూడు. ఎడిటర్లు కొనే కస్టమర్లు వచ్చాకే జెట్‌బ్రెయిన్స్ కోట్లిన్ మొదలుపెట్టింది. వైమానిక దళం కాంట్రాక్టు చేతిలో ఉన్నప్పుడే గ్నాట్ పుట్టింది. డబ్ల్యూఎస్‌వో2 పుట్టింది 2005లో, బాలెరినా మొదటి పూర్తి వెర్షన్ వచ్చింది 2019లో. మధ్యలో ఉన్న ఆ 14 ఏళ్లూ వాళ్లు భాష గురించి కలలు కంటూ కూర్చోలేదు, బిల్లు కట్టే కస్టమర్ల వ్యవస్థలు బాగుచేస్తూ గడిపారు.